చదివింపుల పుస్తకంలో దొరికిన మేనత్త

పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు నాన్న ఉన్నట్టుండి ఒక మాట అన్నారు. అరిసెల పాకం చూసుకుంటున్న నేను సగమే విన్నాను. "మా పెద్దత్త పిల్లలు ఎక్కడున్నారోనమ్మా. పోయేలోపు ఒక్కసారి చూస్తే బాగుండు" అన్నారు. నాన్నకి 77 ఏళ్ళు. నాకు 46. ఆయనకి అలాంటి మేనత్త ఒకావిడ ఉందన్న సంగతి నేను వినడం అదే మొదటిసారి.

పెద్దత్త అంటే మా తాతయ్య గారి సొంత అక్క. "ఆమె పేరేంటి నాన్నా?" అని అడిగాను. నాన్న చాలాసేపు ఆలోచించారు. "అందరూ పెద్దమ్మాయి అనేవాళ్ళు. మేం పెద్దత్త అనేవాళ్ళం. పేరు ఎవరూ అనగా వినలేదు" అన్నారు. అమ్మకీ తెలియదు. నాన్న తన ముత్తాత తండ్రి దాకా మగవాళ్ళ పేర్లు గడగడా చెప్పేస్తారు. తన మీద ఎత్తుకుని తిప్పిన మేనత్త పేరు మాత్రం తెలియదు.

నాన్నని తప్పు పట్టడానికి లేదు. ఆ రాత్రి నేను కూడా లెక్క వేసుకున్నాను. అమ్మ పేరు, అమ్మమ్మ పేరు తెలుసు. అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు దగ్గర ఆగిపోయాను. మీరూ ఒకసారి ప్రయత్నించండి. మూడో మెట్టు దాటిన వాళ్ళు ఎంతమంది ఉంటారో!

మా పుట్టిల్లు పర్చూరుకి దగ్గర్లోనే ఒక పల్లె. ఆటో ఎక్కితే అరగంట. నేను మెట్టింది పర్చూరులోనే. అటూ ఇటూ నల్లరేగడి చేలు, పత్తి, మిరప, పొగాకు, శనగ. ఇంత దగ్గర్లో పుట్టి పెరిగి, ఇంటి మనిషి ఒకావిడ గురించి తెలియకుండా ఎలా ఉన్నానా అనిపించింది. మా వాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే మాట. "వాళ్ళు తుంగభద్ర వెళ్ళిపోయారు. అక్కడ బాగా కలిసొచ్చింది. డబ్బు చేరాక మనల్ని మర్చిపోయారు."

తుంగభద్ర వెళ్ళడం అంటే ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలైంది. అటు మద్రాసు ప్రభుత్వం, ఇటు నైజాం ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన పని అది. 1953 నాటికి కాలవలకి నీళ్ళు వచ్చాయి. ఎడమ కాలవ కింద గంగావతి, సింధనూరు, మాన్వి వైపు వేల ఎకరాలు తడిలోకి వచ్చాయి. అక్కడి రైతులు అప్పటిదాకా జొన్నలు పండించుకునేవాళ్ళు. కొత్తగా మాగాణి చేయాలంటే నేల చదును చేయాలి, గట్లు వేయాలి, పెట్టుబడి కావాలి. నేల చవగ్గా అమ్మకానికొచ్చింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళు ఇక్కడ ఒక ఎకరం అమ్ముకుని అక్కడ నాలుగైదు ఎకరాలు కొనుక్కోవచ్చని బళ్ళు కట్టుకుని వెళ్ళారు. అంతకుముందు 1931లో నిజాంసాగర్ కట్టాక బోధన్, వర్ని వైపు వెళ్ళినట్టే ఇదీ. వెళ్ళినవాళ్ళు పొలాల దగ్గరే గుడిసెలు వేసుకున్నారు. వాటిని క్యాంపులు అన్నారు. ఇప్పుడు డాబాలు, మేడలు లేచినా ఆ ఊళ్ళని క్యాంపు అనే పిలుస్తారు. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు ఆ రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంటే మా పెద్దత్త కదలకుండానే వేరే రాష్ట్రం మనిషి అయిపోయింది.

మన వైపూ అంతే. పర్చూరు ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. 1970లో ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. పాత కాగితం వెతికేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఊరు కదలదు గానీ చిరునామా మారిపోతూ ఉంటుంది.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచలేదు. డిగ్రీలో ఉండగా అలెక్స్ హేలీ 'రూట్స్'కి సహవాసి చేసిన అనువాదం 'ఏడు తరాలు' చదివాను. ఆఫ్రికాలో వంశాల చరిత్ర కంఠస్థం చేసి చెప్పేవాళ్ళు ఉండబట్టి హేలీకి దారి దొరికింది. మనకీ అలాంటి వాళ్ళు ఉండేవాళ్ళు. పిచ్చిగుంట్ల వాళ్ళు కళ్ళాల వేళ వచ్చి ఇంటిపేర్లు, గోత్రాలు, తాత ముత్తాతల పేర్లు పాడి గింజలు పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ పేరు చిన్నచూపుగా ఉందని ప్రభుత్వ జాబితాలో వంశరాజ్ అని మార్చారు. మా ఊరికి వాళ్ళు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా వాళ్ళు పాడేది మగవాళ్ళ వరసే. ఊరి సంగతులన్నీ తెలిసిన కరణంగారి చావడి కూడా లేదు. 1984లో కరణాల, మునసబుల వ్యవస్థే పోయింది.

ఒక విషయం చదివితే మాత్రం ఆశ్చర్యం వేసింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి అక్కడికి వెళ్ళిన మొదటి ఓడ అదే. తర్వాతి ఏళ్ళలో వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసి ఉన్నాయి. మారిషస్ వెళ్ళినవాళ్ళ కాగితాలు అక్కడి మోకా ఊళ్ళో మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. నాలుగైదు తరాల తర్వాత మనవలు వచ్చి ఆ వివరం పట్టుకుని ఊరు వెతుక్కుంటున్నారు.

సముద్రం దాటి కూలికి వెళ్ళిన ఆడమనిషి పేరు కాగితం మీద ఉంది. ఒక్క రాత్రి ప్రయాణం దూరంలో కాపురానికి వెళ్ళిన మా పెద్దత్త పేరు ఎక్కడా లేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. మనిషితో పని పడితేనో, పన్ను వసూలు కావాలంటేనో పేరు రాస్తారు. ఆడవాళ్ళ దగ్గర రాసుకోవలసింది ఏముందనుకున్నారు!

అమ్మ చెప్పిన మాట మీద అటకమీది ట్రంకు పెట్టె దించాను. పైన పాత శుభలేఖలు, అడుగున తాతయ్య శిస్తు రసీదులు, వాటి మధ్య అట్ట ఊడిపోయిన లెక్కల పుస్తకం. 1969లో మా మేనత్త పెళ్ళికి రాసిన చదివింపుల పుస్తకం అది. మన ఇళ్ళల్లో చదివింపులు రాసుకునేది తిరిగి పెట్టడానికే కదా. ఎవరు, ఏ ఊరు నుంచి, ఎంత. ఇంతకంటే నిజమైన చరిత్ర పుస్తకం ఇంకొకటి ఉండదు. పొగడ్తలుండవు, అబద్ధాలుండవు. మూడో పేజీలో ఆకుపచ్చ సిరాతో ఒక వరస ఉంది. ఒక ఆడమనిషి పేరు, పక్కన 'సింధనూరు క్యాంపు', 25 రూపాయలు, పట్టుచీర.

పేరు చూపిస్తే నాన్నకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఇదేనా మా పెద్దత్త పేరు!" అన్నారు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళ పిల్లలు, మనవలు ఉన్నారు కాబట్టి. కానీ ఆ వరస ఇంకొక సంగతి కూడా చెప్పింది. తుంగభద్ర వెళ్ళాక వాళ్ళు మళ్ళీ గడప తొక్కలేదని మా వాళ్ళ మాట. ఆమె 1969లో వచ్చింది. ఆ రోజుల్లో 25 రూపాయలు తక్కువ కాదు. పైగా పట్టుచీర. మర్చిపోయిన మనిషి అలా వస్తుందా?

ఊరు దొరికింది. ఇక మనుషులు. మా అబ్బాయి కర్ణాటక ఓటర్ల జాబితాలు ఫోన్లో తీసిచ్చాడు. అన్నీ కన్నడంలో ఉన్నాయి. మన లిపి, వాళ్ళ లిపి ఒకే కొమ్మ నుంచి చీలినవని డిగ్రీలో చదువుకున్నాను. ఆ చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. తలకట్టు తేడా పట్టుకుంటే చాలు, రెండు రోజుల్లో పేర్లు కూడబలుక్కుంటూ చదివేశాను. సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల జాబితాలన్నీ తిరగేస్తూ ఇంటిపేరు కోసం చూశాను. ఒక క్యాంపులో ఆ ఇంటిపేరుతో పదకొండు మంది కనిపించారు. అందులో 34 ఏళ్ళ కుర్రాడిది అచ్చంగా పెద్దత్త భర్త పేరు. మనవడికి తాత పేరు పెట్టుకోవడం మన అలవాటు. అక్కడ నా వేలు ఆగిపోయింది.

ఫోన్ నంబరు గుంటూరు మిర్చి యార్డు ఇచ్చింది. కర్ణాటక నుంచి అక్కడికి కాయ వస్తుంది. మా వారు ఏటా సరుకు వేసే కమిషన్ కొట్టుకి సింధనూరు వైపు రైతులు కూడా వస్తారు. ఫలానా క్యాంపు, ఫలానా ఇంటిపేరు అని చెబితే నాలుగు రోజుల్లో నంబరు వచ్చింది. పెద్దత్త చనిపోయి చాలా ఏళ్ళయింది. చిన్న కొడుకు ఉన్నారు. నాన్న కంటే ఒక ఏడు పెద్ద.

ఫోన్ స్పీకర్లో పెట్టి నాన్నకిచ్చాను. "బావా, నేను..." అంటూ నాన్న గొంతు పట్టేసింది. అవతల చాలాసేపు మాట లేదు. ఆ తర్వాత "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అన్నారాయన. కోపం కూడా లేదు ఆ గొంతులో. అదే కష్టంగా అనిపించింది. కుశలప్రశ్నలు అయ్యాక మెల్లగా అడిగారు. "పెళ్ళికని పిలిచి మా అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్న సంగతి నీకు తెలుసా బావా?"

నాన్నకి తెలియదు. ఆ వయసులో చదువుకని ఊళ్ళో లేరు, పెళ్ళైన మర్నాడే వెళ్ళిపోయారట. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈసీ మనకి కంప్యూటర్లో దొరికేది 1983 నుంచే. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి ఉంటాయి. చేతిలో పెద్దత్త పేరూ, పెళ్ళి తేదీ ఉన్నాయి కాబట్టి వెతకడం తేలికైంది. డబ్బు కట్టి నకలు తీసుకున్నాను. పైన గుంటూరు జిల్లా అని ఉంది. మా మేనత్త పెళ్ళైన మూడో రోజు తేదీ. తండ్రి తనకి పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల చేను మీద హక్కు తమ్ముడికి వదులుకుంటున్నట్టు, అందుకు 500 రూపాయలు ముట్టినట్టు రాసి ఉంది. చివర 'నిశాని' అని, ఆమె పేరు.

ఆ మూడేళ్ళలో ఏం జరిగిందో చూస్తే తాతయ్య తొందర అర్థమైంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. కుడి కాలవ మన గుంటూరు, ఒంగోలు వైపు. కాలవ వస్తుందంటే వానకోసం ఆకాశం వైపు చూసే రేగడి నేల రేటు మారిపోతుంది. అంతకుముందు అక్క రెండెకరాల గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఏ నీళ్ళ కోసం ఆమె అంత దూరం వెళ్ళిందో, ఆ నీళ్ళే ఇటువైపు వచ్చి ఆమె చేను పోగొట్టాయి.

చట్టం ఏం చెబుతుందంటారా? 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చినా పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు కొడుకులకే ఉండేది. మన రాష్ట్రంలో 1986లో చట్టం సవరించి పెళ్ళికాని కూతుళ్ళకి ఆ హక్కు ఇచ్చారు. దేశమంతటా కూతుళ్ళందరికీ వచ్చింది 2005లో. అప్పటిదాకా ఆడపిల్లకి పుట్టింటి నుంచి నేల రూపంలో దక్కేది ఏదైనా ఉంటే అది ఈ పసుపు కుంకుమే. దాన్ని కూడా 'తమ్ముడు అడిగాడు, ఇవ్వకపోతే పుట్టిల్లు దూరమవుతుంది' అని వదులుకున్నవాళ్ళు ఎందరో. పెద్దత్త ఇచ్చింది. పుట్టిల్లు ఎలాగూ దూరమే అయింది.

ఇది రాయాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. తాతయ్య అంటే నాకు ప్రాణం. ఇంటర్ అయ్యాక పెళ్ళి చేసేద్దామని అందరూ అంటే, "పిల్ల చదువుకుంటానంటోంది, చదవనివ్వండి" అని పట్టుబట్టి నన్ను బీఏలో చేర్పించింది ఆయనే. ఆయన చదివించిన చదువుతోనే ఆయన రాయించిన కాగితం చదివాను. ఆ 500 రూపాయలు నిజంగా ఇచ్చారా? కాగితం ముట్టాయంటుంది. పెద్దత్త పిల్లలు చేతికి రాలేదంటారు. సాక్షి సంతకాలు చేసిన ఇద్దరూ లేరు. రెండు మాటలూ పక్కపక్కనే పెట్టుకుని ఊరుకోవడం తప్ప ఏం చేయగలను! ఒక్కటి మాత్రం ఖాయం. "డబ్బు చేరాక మర్చిపోయారు" అన్న మాట మా ఇంట్లో ఇక ఎవరూ అనకూడదు.

వేసవిలో నాన్నని తీసుకుని వెళ్ళాను. గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హోస్పేటలో దిగాం. అక్కడి నుంచి గంగావతి మీదుగా సింధనూరు బస్సు. దారి పొడవునా వరి కోసిన మళ్ళు, రైసు మిల్లులు. క్యాంపులో అడుగుపెడితే మన ఊరే అనిపించింది. రామాలయం, అరుగులు, గుమ్మం ముందు ముగ్గు. పెద్దవాళ్ళు మన యాసలోనే మాట్లాడుతున్నారు. పిల్లలు వాళ్ళలో వాళ్ళు కన్నడం మాట్లాడుకుని, మమ్మల్ని చూసి తెలుగులోకి మారుతున్నారు.

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. నాన్న సంచిలోంచి చీర, జాకెట్టు గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు తీశారు. ఇంటి ఆడపడుచు పెద్దత్త కూతురికి ఇచ్చారు. ఆమెకి ఎనభై దాటాయి. "మా నాన్న చేసింది నాకు తెలియదు వదినా. తెలిశాక ఒట్టి చేతులతో రాలేకపోయాను" అన్నారు. ఆమె చీర మడత విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత అన్నారు, "అమ్మ చేను కోసం ఏడవలేదు తమ్ముడూ. బండెక్కేటప్పుడు ఒళ్ళో బియ్యం పోసి సాగనంపలేదని ఏడ్చేది."

ఆ మాటకి మా దగ్గర సమాధానం లేదు. రెండెకరాల సంగతి మాట్లాడదామని నాన్న అంటే మామయ్య వద్దన్నారు. "మాకు దేవుడిచ్చాడు. రాకపోకలుంటే చాలు" అన్నారు. నాన్న మనసులో మాత్రం అది ఇంకా మెదులుతూనే ఉంది. నా తమ్ముళ్ళతో మాట్లాడతానంటున్నారు. అది ఎటు తేలుతుందో నేనిప్పుడు చెప్పలేను.

తిరిగి రాగానే ఒక పెద్ద నోటుబుక్కు కొన్నాను. మా వంశవృక్షం మళ్ళీ మొదటి నుంచి వేస్తున్నాను. ఈసారి కూతుళ్ళని వదలడం లేదు. ప్రతి కోడలి పేరు పక్కన ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు. ప్రతి కూతురి పేరు పక్కన ఆమె మెట్టిన ఇంటిపేరు, ఊరు. ముద్దు పేరుతో పాటు అసలు పేరు. పెద్దవాళ్ళని ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. చీరాల–పేరాల గొడవ నాటికి పుట్టారా, సాగర్ నీళ్ళు వచ్చేసరికి పిల్లలున్నారా, దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. 1921, 1967, 1977 అని మీరే లెక్కేసుకోవచ్చు.

మీ ఇంట్లో కూడా చదివింపుల పుస్తకం ఎక్కడో ఉండే ఉంటుంది. పాత కాగితాలని పారేయకండి. వచ్చే దీపావళికి మా వదినగార్లు, అంటే పెద్దత్త మనవరాళ్ళు ఇద్దరు పర్చూరు వస్తున్నారు. మా పుట్టిల్లు వాళ్ళ అమ్మమ్మ పుట్టిల్లు కదా, తీసుకెళ్ళి చూపించాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఒళ్ళో పోయడానికి బియ్యం ఇప్పటి నుంచే విడిగా తీసి పెట్టమని అమ్మకి చెప్పాను.